మన రేవు తాబేళ్ల కాపలా: ఈ సీజను జమా ఖర్చుల వివరణ

ఒడిశా గంజాం జిల్లా ఋషికుల్య నది మొగ దగ్గరి మన ఊళ్లో, 2025 జనవరి నుంచి జూన్ దాకా తాబేళ్ల కాపలాకు వచ్చిన డబ్బు, అయిన ఖర్చు ఇవి. ఆదివారం గంగమ్మ గుడి అరుగు మీద చదివి వినిపించాం. కేరళ, గుజరాత్ బోట్ల మీదికి పనికెళ్లినవాళ్లు కూడా చూసుకోవాలని మళ్లీ రాస్తున్నాం.

నిరుటి నిల్వ 11,460. ఇంటికి 200 చొప్పున 146 ఇళ్ల చందా 29,200. బయట ఊళ్లలో ఉన్న మనవాళ్లు పంపింది 18,500. పండగ మిగులు 7,340. మొత్తం జమ 66,500 రూపాయలు.

ఖర్చులో పెద్దది రాత్రి కాపలాకు టీ, టిఫిన్: 14,200. నిజానికి 15,350 అయింది. 1,150కి బిల్లు దొరకలేదు కాబట్టి అది కార్యదర్శి, కోశాధికారి చెరిసగం భరించారు. వల కంచెకు వెదుళ్లు, తాడు 12,800. టార్చిలైట్లు, బ్యాటరీలు 9,350. బకెట్లు 2,400. వీధి దీపాలకు నల్లగుడ్డ తొడుగులు 3,150.

తొడుగులకు అంత డబ్బా అని కొందరు అడిగారు. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల వెలుగున్న వైపే నడుస్తుంది. ఏప్రిల్‌లో ఒక రాత్రి గాలికి ఒక్క తొడుగు జారింది. తాబేలు పిల్లలు సముద్రాన్ని వదిలి దిబ్బెక్కి, కాలవలోకి దొర్లాయి. ఆడవాళ్లు, పిల్లలు తెల్లారేదాకా బకెట్లలో ఎత్తి అల అంచున వదిలారు. నిరుడు తాబేళ్లు గుంపుగా రాక అందరం టెన్షన్ పడ్డాం. ఈ ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు వచ్చి గుడ్లు పెట్టాయి. వాటి పిల్లలు మన దీపాల వల్ల చావకూడదు.

చేపల వేట లేక ఇల్లు గడవని మూడు కుటుంబాలకు బియ్యం, సరుకులు 13,500. మొత్తం ఖర్చు 55,400. చేతిలో నిల్వ 11,100.

ఇక అందరూ అడిగేది: "విదేశాల నుంచి డాలర్లు వచ్చాయట, అవేవి?" అడగడం న్యాయమే. 2022లో మాంట్రియల్‌లో దేశాలు చేసుకున్న ఒప్పందంలో, జీవవైవిధ్యం కోసం వర్ధమాన దేశాలకు 2025 నాటికి ఏటా కనీసం 2,000 కోట్ల డాలర్లు అందాలని రాసుకున్నారు. అంత మాట విన్నాక మన రేవుకెంత అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ విదేశీ గ్రాంటు తీసుకుని మన ఊళ్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థ దాన్ని మన కమిటీ ఖాతాలో వేయడానికి వీల్లేదు. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించాక, అలా వచ్చిన డబ్బు మరో సంస్థకు బదిలీ చేయకూడదు. ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. కాబట్టి ఆ డబ్బు పై లెక్కలో లేదు. మన ఊరి కోసం వాళ్లు నేరుగా పెట్టిన ఖర్చును మాత్రం అడిగి రాయించుకున్నాం.

12 మంది కాపలావాళ్లకు 75 రాత్రులు, రాత్రికి 300 చొప్పున 2,70,000, వాళ్ల ఖాతాల్లోనే పడింది. ఎండుచేపలు ఆరబెట్టే పందిళ్లకు 24 మంది ఆడవాళ్లకు 1,92,000. ఐస్ పెట్టెలు 30కి 1,26,000. శిక్షణకు 36,000. కలిపి 6,24,000.

పందిళ్లు బాగా పనికొచ్చాయి. ఇసుకలో ఆరేసిన చేపకూ, పందిరి మీద ఆరిన చేపకూ సంతలో ధర తేడా మన అక్కలే చెబుతారు. ఐస్ పెట్టెల్లో మాత్రం 11 వాకిళ్లలోనే ఉన్నాయి. తెప్పలో పట్టవు. కొనేముందు వాళ్లు కొలత అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆ తప్పులో కమిటీకీ భాగం ఉంది. మార్చి చిన్నవి ఇమ్మని రాతపూర్వకంగా అడిగాం. ఇంకా జవాబు రాలేదు.

నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగ దగ్గర 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. తాబేలు బతకడానికి మన ఇళ్లలో ఏడు నెలలు పొయ్యి సన్నగిల్లుతోంది. అందుకే వచ్చే గ్రాంటు కాగితంలో వల మూలన పెట్టిన ఇంటి బతుకుదెరువు మొదటి పద్దు కావాలని, ఆ కాగితం తెలుగులో చదివి వినిపించాకే సంతకం పెట్టాలని కమిటీ తీర్మానించింది.

లెక్కల పుస్తకం, బిల్లులు కోశాధికారి ఇంట్లో ఉన్నాయి. పంచాయతీకి ఒడియాలో ఒక నకలు ఇచ్చాం. మీ 200 రసీదు తెచ్చి పుస్తకంలో పోల్చి చూసుకోండి.