బాతులను చూడాలంటే చోటుకన్నా ముందు తోడును ఎంచుకోవాలి

సంపాదకుడికి,

అయ్యా,

చలి మొదలవగానే మా వీధి కుర్రవాళ్లు ఇద్దరు వచ్చి, బాతుల వేటకు విశాఖ చుట్టుపక్కల ఏ చెరువు మంచిది, దారి చూపే మనిషి ఎక్కడ దొరుకుతాడు అని నన్నడిగారు. అమెరికాలోని బంధువు పంపిన వేట ఫొటోలు చూసి వాళ్లకు ఆ కోరిక పుట్టిందట. అక్కడ అది చట్టం అనుమతించిన క్రీడ. 16 ఏళ్లు నిండిన బాతుల వేటగాడు ఎవరైనా 1934లో మొదలైన డక్ స్టాంపు అనే అనుమతి బిళ్లను కొనాలి, ఆ సొమ్ము చిత్తడి నేలల రక్షణకు వెళుతుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ సరదా వేటకు తావు లేకుండా చేశాయి. తుపాకీ పేల్చడమే కాదు, ఉచ్చు పన్నినా, ఎర వేసినా, పక్షిని తరిమినా ఆ చట్టం దృష్టిలో వేటే. ఎయిర్‌గన్ ఇప్పించి చెరువు చూపిస్తానని వచ్చేవాడు మిమ్మల్ని నేరంలోకి దించుతున్నాడని వాళ్లకు గట్టిగా చెప్పాను. అయితే ఎక్కడికి, ఎవరితో అన్న ప్రశ్న మాత్రం సరైనది. బాతులను కళ్లారా చూడాలనుకునేవారూ అడగవలసింది అదే.

పిల్లలతో వెళ్లేవారికి అచ్యుతాపురం దగ్గరి కొండకర్ల ఆవ అనే సరస్సు చాలు. తాటి దోనెల మీద తామరాకుల మధ్య సాగే ఆ ప్రయాణం ఒక్క పూటలో ముగుస్తుంది. టెక్కలి వైపు తేలినీలాపురం వెళ్లి బాతులు కనిపించలేదని నొచ్చుకునేవారు ఉన్నారు. అక్కడికి వచ్చే గూడబాతుకు పేరులోనే బాతు ఉంది కానీ అది పెలికాన్, చెట్ల మీద గూడు కట్టే పక్షి. నిజమైన బాతులను వేల సంఖ్యలో చూడాలంటే హౌరా రైలు మార్గంలో ఒడిశా దాకా వెళ్లి, అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా 1981లోనే రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిలికా సరస్సు చేరుకోవాలి. సూదిలా సాగిన తోకతో పిన్‌టెయిల్, గరిటెలాంటి ముక్కుతో షవెలర్, మన కావ్యాలలో రాత్రంతా ఎడబాటుతో కుమిలే జక్కవల జంట, అన్నీ అక్కడ కనిపిస్తాయి.

చోటు ఎంత గొప్పదైనా పడవ నడిపే మనిషిని బట్టే మనకు దక్కేది ఉంటుంది. కొన్నేళ్ల కిందట ఒక సరస్సులో మా పడవ నడిపిన వ్యక్తి, మేము ఫొటోలు తీసుకోవాలని మోటారును నేరుగా గుంపులోకి పోనిచ్చి, పళ్లెం వాయించి పక్షులను లేపాడు. వేల మైళ్లు ఎగిరి వచ్చి, తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకుంటున్న ప్రాణులను మా సంబరం కోసం బెదరగొట్టామన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు. మరుసటి శీతకాలం చిలికా ఉత్తర తీరాన మంగళాజోడికి వెళ్లాను. ఒకప్పుడు పక్షులను పట్టి అమ్మినవారే 2000లో రక్షణ సమితిగా ఏర్పడి కాపలాదారులైన ఊరది. మమ్మల్ని తీసుకెళ్లిన పెద్దాయన గెడతో పడవను మెల్లగా తోసి, రెల్లు పక్కన ఆపి, మాట్లాడవద్దని సైగ చేశాడు. అరగంట కదలకుండా కూర్చున్నాక బాతులే మేత మేస్తూ మా వైపు వచ్చాయి. అందుకే, ఎంత దగ్గరికి తీసుకెళతావని కాకుండా ఎంత దూరంలో ఆపుతావని ముందుగా అడగాలని నా మనవి.

మన కొండకర్లలోనూ అలాంటి నేర్పు రావాలి. దోనెలు నడిపేవారికి అటవీ, పర్యాటక శాఖలు పక్షుల గురించి శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డులిచ్చి, రేవు దగ్గర వారి రుసుముల బోర్డు పెట్టాలి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో వారికీ చోటు కల్పించాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సీతమ్మధార, విశాఖపట్నం