కులాల పట్టికతో తిరుపతి ఓటు తేలదు

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో తిరుపతి ఓటరు గురించి వచ్చిన విశ్లేషణ చదివాను. ఏ సామాజిక వర్గానికి ఎన్ని ఓట్లో పట్టిక వేసి, కూడికలు తీసివేతలు చేసి, వచ్చే ఎన్నికల ఫలితం కూడా తేల్చేశారు. ఇక పోలింగ్ దండగ, ఆ ఖర్చయినా మిగులుతుంది.

కులం చూసి ఓటేసేవాళ్లు లేరని నేననను, బోలెడుమంది ఉన్నారు. కానీ 2019లో ఇక్కడ అసెంబ్లీకి గెలుపు తేడా 708 ఓట్లు, 2024లో 60 వేలు దాటింది. ఐదేళ్లలో ఊరి కులాలేమైనా మారిపోయాయా? 2009లో చిరంజీవి గారు రెండు చోట్ల నిలబడితే సొంత జిల్లాలోని పాలకొల్లు ఓడించింది, ఎక్కడో ఉన్న తిరుపతి గెలిపించింది. 2015 ఉప ఎన్నికలో టీడీపీ అభ్యర్థి సుగుణమ్మ గారికి లక్షకు పైగా మెజారిటీ వచ్చిందంటే ఎమ్మెల్యేగా ఉన్న భర్త పోయారన్న సానుభూతి కొంత, ప్రధాన ప్రతిపక్షం బరిలో లేకపోవడం కొంత. ఇవేవీ మీ పట్టికలో పట్టవు.

చిత్తూరు వైపు వెళ్లి మామిడి రైతును అడగండి. 2025లో తోతాపురి కాయతో ట్రాక్టర్లు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేట్ల ముందు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అన్నారు. ఆ డబ్బు చేతికందినవాడూ అందనివాడూ ఒకే కులమైతే మాత్రం ఒకే గుర్తుకు వేస్తారా?

ఇక ఆఖరి రాత్రి సంగతి. ప్రచారం ఆగిపోయి 48 గంటల నిశ్శబ్దం పాటించాల్సిన వేళ మా వీధిలోకి లైటు ఆర్పుకొని స్కూటర్ వస్తుంది. "ఏమ్మా, ఇంట్లో ఎన్ని ఓట్లుండాయి?" అని గొంతు తగ్గించి అడుగుతారు. ఓటరు స్లిప్పు మడతలో నోట్లు. మరుసటి ఉదయం కుళాయి దగ్గర పక్క వీధికి ఎక్కువిచ్చారని తగాదా. అప్పటిదాకా "మనోడు, మనోడు" అన్నావిడే "మన వీధంటే అంత చులకనా" అని గుర్తు మార్చేస్తుంది.

అధికారులకు ఇవేం కనపడవు. ఎన్నికల చెక్‌పోస్టులో చిన్న వ్యాపారి దగ్గర 50 వేలు దాటితే చాలు, బిల్లు చూపించమని గంటసేపు నిలబెడతారు. ఓటుకిచ్చే నోట్ల కవర్లు మాత్రం ఏ చెక్‌పోస్టూ తగలకుండా గడపకే చేరతాయి! 2021 లోక్‌సభ ఉప ఎన్నికలో దొంగ ఓట్లు వేయడానికి బయటి ఊళ్ల నుంచి బస్సుల్లో జనాన్ని దించారని గోల జరిగింది కదా. ఆ ఎన్నికలోనే దొంగ ఓట్ల కోసం ఓటరు కార్డులు డౌన్‌లోడ్ చేశారన్న వ్యవహారంలో ఐఏఎస్ అధికారిని సస్పెండ్ చేసేసరికి 2024 వచ్చేసింది. అంత తొందర.

రోడ్ల గుంతల గురించి నేను రాసిన ఉత్తరాలకు మీ పేజీలో చోటు దొరకలేదు గానీ కులాల లెక్కకు సగం పేజీ దొరికింది. ఈసారి పట్టిక వేస్తే అందులో ఇంకో గడి పెట్టండి: ఏ వీధికి కవరు ఎప్పుడొచ్చింది, ఎంతొచ్చింది. మా వీధి వివరాలు అడిగితే నేనే ఇస్తాను.

— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కొర్లగుంట, తిరుపతి