గొడుగు నీడ కూడా ఎర్రగానే ఉంటుంది

అమ్ములూ,

నువ్వు పంపిన ఫొటో నిన్న రాత్రి పెద్ద స్క్రీన్ మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. చుట్టూ అంతా నలుపు తెలుపు, మధ్యలో పాప పట్టుకున్న ఎర్ర గొడుగు ఒక్కటే రంగులో. ఎలా ఉందో నిజం చెప్పమన్నావు కదా, ఆలోచన చాలా బాగుంది. పని మాత్రం సగంలో ఆగిపోయింది.

నీ ధ్యాసంతా గొడుగు మీదే పెట్టావు. కానీ ఇలాంటి ఫొటోలో ముప్పాతిక వంతు నలుపు తెలుపే కదా, ముందు అది నిలబడాలి. నువ్వు రంగంతా ఒక్కసారే తీసేసే డీశాచురేట్ నొక్కి వదిలేసినట్టున్నావు. దానికి ఏ రంగైనా ఒకటే. అచ్చమైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఇస్తే మూడింటినీ ఒకే బూడిద రంగు చేసి పెడుతుంది. మన కన్ను అలా చూడదు. ఆకుపచ్చ బాగా వెలుగుగా, నీలం బాగా ముదురుగా కనిపిస్తాయి. అందుకే నలుపు తెలుపులోకి మార్చే పాత లెక్క ఒకదానిలో వెలుగులో వాటా ఆకుపచ్చకు 59 శాతం, ఎరుపుకు 30, నీలానికి 11 ఇచ్చారు. పాప నీలం గౌను వెనకున్న చెట్లలో కలిసిపోయింది ఇందుకే.

ఫొటోషాప్‌లో బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసుకో, అది కింది రంగుల్ని చెరపకుండా ఫొటో మీద పొరలా ఉంటుంది. అందులో ఒక్కో రంగుకి ఒక్కో స్లైడర్ ఉంటుంది. ఎరుపు, పసుపు కొంచెం పెంచితే పాప ముఖం తేటపడుతుంది. నీలం తగ్గిస్తే గౌను చెట్ల నుంచి విడివడుతుంది. మరీ లాగకు, మబ్బుల్లో గరుకు లేస్తుంది.

ఆ తర్వాతే గొడుగు. ఆ లేయర్ ఎక్కడ పనిచేయాలో చెప్పే మాస్క్ మీద నల్ల బ్రష్‌తో రుద్దితే కింది రంగు బయటికొస్తుంది, గీత దాటితే తెల్ల బ్రష్‌తో సర్దేయొచ్చు. ఎక్స్ నొక్కితే బ్రష్ రంగు నలుపు నుంచి తెలుపుకి మారుతుంది. 200 శాతం జూమ్ చేసి అంచు వెంబడే వెళ్లు. నీ ఫొటోలో గొడుగు పుల్లల చివర్ల దగ్గర, ఆకాశం మీదికి, సన్నటి గులాబీ గీత మిగిలిపోయింది. చిన్నదే, కానీ ఒకసారి చూశాక కన్ను అక్కడికే పోతోంది.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. పాప కాళ్ల దగ్గర నీళ్లలో గొడుగు నీడ పడింది చూడు, దాన్ని బూడిద రంగులో వదిలేశావు. పైన ఎరుపు, నీళ్లలో బూడిద అయితే గొడుగు తెచ్చి అతికించినట్టు ఉంటుంది. ఆ నీడ మీద బ్రష్ ఒపాసిటీ, అంటే గాఢత, 50 శాతానికి తగ్గించి రుద్దు. నీళ్లలో ఎరుపు ఎలాగూ పలచగానే ఉంటుంది.

ఒరిజినల్ ఫైల్ మాత్రం ముట్టుకోకు తల్లీ. నీ చిన్నప్పటి ఫొటో ఒకటి నేనిలాగే రిబ్బన్ ఒక్కటీ ఎర్రగా ఉంచి, అదే జేపెగ్ మీద సేవ్ చేసేశాను. వేరే కాపీ లేదు. ఆ రోజు నువ్వు వేసుకున్న గౌను ఏ రంగో మీ అమ్మకీ నాకూ ఇప్పటికీ గుర్తు రావడం లేదు. నువ్వు లేయర్లతో సహా ఫొటోషాప్ సొంత ఫైల్ అయిన పీఎస్‌డీగా దాచుకో.

నీడ సరిచేశాక మళ్లీ పంపు. పాప బుగ్గ మీద గొడుగు ఎరుపు కొంచెం పడింది, గమనించావా? మాస్క్ వేసేటప్పుడు దాన్ని కూడా కాస్త ఉండనివ్వు.

మీ నాన్న