డైట్ చార్ట్ సరే, తిండి సంగతేంటి?

ఒరేయ్,

నీ ఉత్తరం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి షుగర్, బీపీ రెండూ బయటపడ్డాయని తెలిసి బాధేసింది, కానీ "డాక్టరిచ్చిన డైట్ చార్ట్ ఒక్కరోజు కూడా పాటించలేదురా, ఆయనకే పట్టకపోతే నేనేం చేసేది" అని రాశావు చూడు, అది ఇంకా గుచ్చుకుంది. ఆయన మీద కోపం తెచ్చుకోకురా.

మా నాన్న మీద నేనూ ఇలాగే అరిచేవాణ్ణి. ఆ చార్ట్ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని తిరిగేవాడు, మడతల దగ్గర చిరుగు పట్టింది కూడా. డ్యూటీ దిగేసరికి రాత్రి పదయ్యేది. ఆ వేళకి దొరికేవన్నీ నూనెలో వేయించినవే, తాజా కూరగాయలు కావాలంటే రెండు బస్సులు మారాలి. చార్ట్‌లో ఏముందో ఆయనకి కంఠతా వచ్చు, కొనుక్కునే దారే లేదు. అది నా బుర్రకెక్కడానికి ఏడాది పట్టింది, ఆ ఏడాది తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగోదు.

బీపీకి డాష్ డైట్ అంటారే, దాని ఫలితాలు 1997లో వచ్చాయి. 459 మంది మీద చేశారు. పండ్లు, కూరగాయలు, వెన్న తీసిన పాల పదార్థాలు బాగా తిన్నవాళ్లలో, ముందే బీపీ ఉన్నవాళ్లకి పై సంఖ్య, మామూలు తిండి తిన్నవాళ్లతో పోలిస్తే, సగటున 11 పాయింట్లకు పైనే తగ్గింది. అదీ 8 వారాల్లో, ఉప్పు తగ్గించకుండానే. ఇంతవరకు అందరూ చెబుతారు. అయితే ఆ 459 మంది చేతిలో కాగితం పెట్టి పంపలేదురా, భోజనమే వండి ఇచ్చారు! 1960ల్లో అమెరికాలోని మిసిసిపీలో జాక్ గైగర్ అనే డాక్టరైతే మందుచీటీ మీద తిండే రాసి, ఆ బిల్లు క్లినిక్ మందుల ఖాతాలోంచి కట్టించాడు.

అందుకే ఈసారి వెళ్లినప్పుడు ఏం తినాలని కాదు, ఆ తిండి ఎలా అందుతుందో డాక్టర్ని అడుగు. డైటీషియన్ ఉన్నారా, భోజనం సాయం చేసే పథకమేదైనా ఉందా అని కూడా. తాజావి దొరక్కపోతే ఫ్రోజెన్ కూరగాయలు నిక్షేపంగా వాడొచ్చు. ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలి, అంటే ఒక్క టీస్పూను, ప్యాకెట్లలో వచ్చేదీ అందులోకే వస్తుంది.

ఒకటి మాత్రం మర్చిపోకు. ఇన్సులిన్ గానీ, షుగర్‌ని బాగా దించే మాత్రలు గానీ వాడుతుంటే పూట తప్పకూడదు, మందు పడి తిండి పడకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహ కూడా తప్పుతుంది. తిండి బాగా మారిస్తే డోసు కూడా చూపించుకోవాలి. కిడ్నీ పరీక్ష చేయించారా? అందులో తేడా ఉంటే పండ్లు కూడా అడిగే పెట్టాలి.

ఆదివారం ఫోన్ చేస్తాను. ఈలోపు ఆయన పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎక్కడెక్కడ ఉంటున్నారో, ఏ వేళకి ఆకలేస్తోందో, అప్పుడు చేతికి ఏం దొరుకుతోందో పక్కన కూర్చుని అడిగి రాసిపెట్టు. తప్పు పట్టినట్టు అడక్కు. ఏ పూట సర్దగలమో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
నేనే