సెల్ఫ్ మోటారు పట్టేస్తే సుత్తి ఎత్తకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం, మైపాడు సముద్రానికి దగ్గర. రొయ్యల గుంటలు చేస్తాను. మీ పేపర్లో రొయ్య ధరల గురించి, మేత రేట్ల గురించి వచ్చేవన్నీ చదువుతాను. ఈ ఉత్తరం మాత్రం మోటార్‌సైకిల్ గురించి, అందులోనూ బటన్ నొక్కితే ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు అనే ఒక్క సామాను గురించి. ఇంత చిన్నదానికి పేపర్‌కు రాయాలా అని మా ఇంట్లో కూడా అన్నారు. రాయాల్సిందే అనిపించింది, ఎందుకంటే సముద్రం పక్కనున్న మా ఊళ్లలో ఇది బిగుసుకుపోయి పట్టేయని బండి తక్కువ, దాన్ని బయటికి తీసేటప్పుడు పాడైపోయిన ఇంజిన్లు చాలా ఉన్నాయి.

మాకు బండి లేకపోతే గుంట లేదు. వనామీ రకం రొయ్యకు రోజుకు నాలుగు పూటలు మేత వేయాలి, మేత తిన్నదో లేదో తెలియడానికి చెక్ ట్రేలు ఎత్తి చూడాలి, రాత్రి రెండింటికి కరెంటు పోతే లేచి పరుగెత్తి జనరేటర్ వేయాలి. నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామునే. ఆ టైములో నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది, కాసేపు ఆలస్యమైతే మూడు నెలల కష్టం పోతుంది. సరిగ్గా అలాంటి ఒక రాత్రి నా బండి సెల్ఫ్ నొక్కితే టక్ మని ఒక్క శబ్దం వచ్చి, హెడ్‌లైట్ మసకబారి, అంతే, ఇంజిను కదల్లేదు. నాది కిక్కు లేని మోడల్. నేనూ మా తమ్ముడూ రోడ్డు మీదికి తోసుకొచ్చి, రెండో గేరులో వేసి, పరుగెత్తి క్లచ్ వదిలితే స్టార్ట్ అయింది. ఆ రాత్రి గుంట దక్కింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తోస్తే స్టార్ట్ అయిందంటే ఇంజిను బాగున్నట్టు. సెల్ఫ్ మోటారుకూ ఇంజినుకూ మధ్య ఒక వైపే పట్టుకునే క్లచ్ ఉంటుంది, ఇంజిను తిరిగేటప్పుడు అది మోటారును వదిలేస్తుంది, అందుకే మోటారు బిగుసుకుపోయినా ఇంజిను తన పాటికి తను తిరుగుతుంది. బటన్ నొక్కితే లైటు మసకబారిందంటే బ్యాటరీ వీక్ అయినా కావచ్చు, మోటారు పట్టేసి కరెంటంతా లాగుతున్నా కావచ్చు. ముందు మీటరు పెట్టి బ్యాటరీ చూడాలి. ఫుల్లుగా ఉంటే 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఈ రెండూ చూడకుండానే 'ఇంజిను పని' అనేవాళ్లున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మర్నాడు టౌన్‌లో ఒక షాపుకు తీసుకెళ్లాను. షాపు పేరు రాయను, ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. బోల్టులు రెండూ విప్పబోయాడు, ఒకటి వచ్చింది, రెండోది తల తెగింది. మోటారు మాత్రం కదల్లేదు. స్క్రూడ్రైవర్ సందులో దూర్చి తన్నాడు, ఆ తర్వాత సుత్తి తీసుకున్నాడు. నాలుగు దెబ్బలకు మోటారుకుండే బోల్టు చెవి ఒకటి విరిగింది, అది కూర్చునే చోట ఇంజిను బయటి పెట్టె, అదే క్రాంక్ కేసు మీద సన్నగా నెర్రె పడింది. అప్పుడు ఓనరు వచ్చి చూసి, 'ఇంజిను దించాలన్నా, కేసు మార్చాల, పద్నాలుగు వేలవుద్ది' అన్నాడు. నా తప్పూ ఉంది ఇందులో. 'సాయంత్రానికి బండి కావాలబ్బాయ్, గుంట కాడికి పోవాల' అని వాడి నెత్తిమీద నిలబడి మూడుసార్లు అన్నది నేనే.

బండి ఆటోలో వేసుకుని కోవూరులో ఒక పెద్దాయన దగ్గరికి తెచ్చాను. అరవై దాటాయి, చిన్న షెడ్డు, పిల్లలెవరూ పనికి లేరు. చూసి ఒకటే అన్నాడు, 'వదిలేసి పో అబ్బయ్యా, ఎల్లుండి రా. సుత్తికి వచ్చేదైతే ఈపాటికి వచ్చుండేది.' నేను పోలేదు, వీలున్నంతసేపు అక్కడే కూర్చుని చూశాను. ఆయన చేసింది మీ పాఠకులకు చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందుగా బ్యాటరీ నెగెటివ్ వైరు పీకేశాడు. సెల్ఫ్ మోటారుకు వచ్చే లావు వైరు దగ్గర పానా జారి ఫ్రేముకు తగిలితే నిప్పులు వస్తాయి, అందుకని అది మొదటి పని. తర్వాత పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టించాడు, ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. టూత్‌బ్రష్షుతో, సన్న సూదితో మోటారు చుట్టూ ఉన్న మట్టంతా గీకాడు. నా బండిలో మోటారు సిలిండర్ వెనక పల్లంలో ఉంటుంది, అక్కడ మట్టీ నీళ్లూ చేరితే ఆరేది లేదు. మట్టి పోయాక కింద తెల్లగా సున్నంలా ఒక పొర కనిపించింది. 'ఇదే పట్టుకునుండేది' అన్నాడు. ఇనుముకు ఎర్ర తుప్పు పట్టినట్టే అల్యూమినియంకు తెల్ల చిలుము పడుతుంది. ఆ చిలుము అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మోటారు ముక్కు ఇంజిను కేసు రంధ్రంలో వెంట్రుకంత సందుతో కూర్చుంటుంది, ఆయిల్ కారకుండా లోపల ఓరింగు అనే రబ్బరు రింగు ఉంటుంది. ఓరింగుకు బయటివైపు ఆ వెంట్రుక సందులోకి ఉప్పునీరు దిగి చిలుము పెరిగితే ఇక అది మేకు కొట్టినట్టే. బోల్టుల సంగతి ఇంకా అన్యాయం, ఇనుప బోల్టు అల్యూమినియంలో ఉంటుంది, మధ్యలో ఉప్పు తడి, రెండు వేరు లోహాలకు ఉప్పునీరు తగిలితే అల్యూమినియం తినుకుపోతుంది.

అంటే సుత్తి దెబ్బ ఎందుకు పనికిరాదో చూడండి. చిలుము రంధ్రం చుట్టూతా పట్టుకుని ఉంది, మనం ఒక పక్క కొడుతున్నాం. మోటారు ఏటవాలుగా ఇంకా బిగుస్తుంది. పైగా ఆ బాడీ లోపల అయస్కాంతాలు ఉంటాయి, పింగాణీ లాగా పెళుసు, బయట దెబ్బ కొడితే లోపల అవి పగులుతాయి. కేసు పోత అల్యూమినియం, వంగదు, విరుగుతుంది. స్క్రూడ్రైవర్‌తో తన్నితే ఓరింగు కూర్చునే అంచు దెబ్బ తిని, రేపు కొత్త మోటారు వేసినా అక్కడినుంచి ఆయిల్ కారుతుంది.

పెద్దాయన ఆ సందు చుట్టూ డబ్ల్యూడీ-40 అనే, బిగుసుకున్నదాన్ని వదులు చేసే స్ప్రే కొట్టి వదిలేశాడు. సాయంత్రం మళ్లీ కొట్టాడు. రాత్రి మళ్లీ. ఆ రోజుకు పని అంతే. నాకైతే ప్రాణం ఊగిసలాడింది, రాత్రంతా తమ్ముడి బండి అడుక్కుని గుంట దగ్గరికి తిరిగాను.

రెండో రోజు వేడి పెట్టాడు. గ్యాస్ మంట కాదు, హీట్ గన్. ట్యాంకు ఎందుకు దించాడో అప్పుడు అర్థమైంది. ముందు గుడ్డతో తుడిచి స్ప్రే తడి లేకుండా చేసి, మోటారు మీద కాకుండా చుట్టూ ఉన్న కేసు మీదే వేడి తిప్పాడు. కేసు వేడెక్కి రంధ్రం కొంచెం పెద్దదవ్వాలి, మోటారు మాత్రం చల్లగా ఉండాలి, అదీ లెక్క. నీటి చుక్క వేస్తే చుయ్ మన్నాక ఆపాడు. అప్పుడు కూడా లాగలేదు. ఆయిల్ ఫిల్టర్ విప్పే బెల్టు ఉంటుంది చూడండి, అది మోటారు నడుముకు చుట్టి, జారకుండా కింద పాత సైకిల్ ట్యూబు ముక్క వేసి, ఎడమకు కొంచెం, కుడికి కొంచెం తిప్పడం మొదలుపెట్టాడు. తల తెగిన బోల్టున్న వైపు చెవి ఎలాగూ విరిగిపోయింది కాబట్టి తిరగడానికి అడ్డం లేదు. మొదట ఏమీ కదల్లేదు. మళ్లీ వేడి, మళ్లీ తిప్పడం. నాలుగోసారో ఐదోసారో 'కిర్ర్' మని ఒక శబ్దం వచ్చింది, ఆ శబ్దం నేను మర్చిపోను. చిలుము విరిగిన శబ్దం అది. ఆ తర్వాత తిప్పుతూ పైకి తీస్తుంటే ముక్కు చుట్టూ తెల్లపొడి రాలుతూ వచ్చేసింది. వెంటనే ఆ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కాడు, ఒక్క రవ్వ లోపల పడినా పళ్లచక్రాల్లోకి పోతుంది. కేసులో మిగిలిన బోల్టు మొండానికి ఒక నట్టు పెట్టి వెల్డింగ్ చేయిస్తే, ఆ వేడికే అది వదులై చేత్తో వచ్చింది.

మోటారు విప్పి చూపించాడు. విప్పేముందు బాడీకీ రెండు మూతలకూ కలిపి ఒక గీత గీశాడు, మళ్లీ బిగించేటప్పుడు అదే వరుసలో రావాలని. లోపల తిరిగే ఆర్మేచర్ ఎర్రగా తుప్పు, దానికి కరెంటు అందించే కార్బన్లు అరిగి మొండాలైపోయాయి, సుత్తి దెబ్బకు ఒక అయస్కాంతం అంచు నిజంగానే లేచిపోయి ఉంది. చెవి విరక్కుండా, అయస్కాంతం పగలకుండా ఉంటే ఆ మోటారే బాగయ్యేది, తుప్పు గీకి కార్బన్లు, బుష్షులు మారిస్తే సరిపోయేదని అన్నాడు. కాబట్టి వేరే మోటారు కొనాల్సి వచ్చింది. నెర్రెకు ఆర్గాన్ వెల్డింగ్ వేయించాం. ఇంజిను మాత్రం దించలేదు. మొత్తం మీద ఆ షాపు చెప్పినదాంట్లో సగం కూడా కాలేదు. కొత్త ఓరింగుకు ఇంజిన్ ఆయిల్ రాసి, ముక్కు బయటి అంచుకు, బోల్టు మరలకు పల్చగా గ్రీజు పూసి పెట్టాడు. ఆ పావలా గ్రీజు ముందే ఉంటే ఇదంతా జరిగేది కాదు.

ఇది నా ఒక్కడి బండి కథైతే మీకు రాసేవాణ్ణి కాదు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు దెబ్బతిన్నాయి కదా, అప్పుడు మా వైపు ఎన్నో బండ్లు మునిగాయి. ఆయిల్ మార్చుకుని, ప్లగ్గు తుడుచుకుని అందరూ తిరిగేశారు, సెల్ఫ్ మోటారు విప్పి ఆరబెట్టిన వాళ్లను నేను చూడలేదు. కొన్ని నెలల తర్వాత ఒక్కొక్కటీ పట్టేశాయి. ఇక వాటర్ సర్వీసింగ్ ఉంది. మా పల్లెల్లో చాలా బోర్లు ఉప్పే, ఆ నీళ్లనే ప్రెషర్‌తో ఇంజిను మీద కొడతారు. బండి మెరుస్తుంది, ఉప్పు సందుల్లోకి పోతుంది. దయచేసి సిలిండర్ వెనక ప్రెషర్ కొట్టవద్దని చెప్పండి. బకెట్ మంచినీళ్లు పోసి, ఎండలో పెట్టి, ఒకసారి ఇంజిను వేడెక్కేదాకా తిప్పుకుంటే చాలు. ఏడాదికొకసారి, ఇంకా పట్టకముందే ఆ రెండు బోల్టులు విప్పి మోటారు బయటికి తీసి గ్రీజు పూయించుకుంటే అరగంట పని.

ఇప్పుడు నేను అడిగేది ముగ్గురిని. బండి ఓనర్లను మొదట. మెకానిక్ సుత్తి ఎందుకెత్తుతాడో ఆలోచించండి. మనం సామాను ఖరీదు అడగగానే ఇస్తాం, కాని స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేసినందుకు కూలి అడిగితే 'ఏం చేశావని' అంటాం. ఆ పెద్దాయన రెండు రోజుల పనికి అడిగింది ఐదు వందలు, నేను సిగ్గుపడి వెయ్యి ఇచ్చాను. పట్టేసిన మోటారుకు రెండు రోజులు బండి వదిలి, ఆ రెండు రోజుల కూలి ఇవ్వడానికి సిద్ధపడితే సగం ఇంజిన్లు మిగుల్తాయి.

రెండోది మన ఐటీఐల వాళ్లను. నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా పిల్లలు మెకానిక్ ట్రేడులు చదువుతున్నారు. కొత్తపట్నం నుంచి తడ దాకా అంతా సముద్రం ఒడ్డే, ఆ పిల్లల చేతికి రేపు వచ్చేవి ఉప్పుగాలి తిన్న బండ్లే. హీట్ గన్ పట్టుకోవడం, తెగిన బోల్టు తీయడం, చిలుము పట్టిన అల్యూమినియంతో ఎలా మెలగాలో ప్రత్యేకంగా చేయించి చూపండి. షాపుల్లో పనిచేసే పిల్లలకు ఒక ఆదివారం పూట చెప్పినా వస్తారు. టౌన్‌లో నా బండి విరగ్గొట్టిన పిల్లాడికి ఇంతవరకూ ఎవరూ చూపించి ఉండరు, వాడు చూసింది సుత్తే.

మూడోది మిమ్మల్ని ఎడిటర్ గారూ. మా జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ప్రతి ఏడూ తుపాను హెచ్చరికలు వేస్తారు, మత్స్యకారులు వేటకు వెళ్లొద్దని వేస్తారు. ఆ పక్కనే, నీళ్లలో మునిగిన బండిని ఏం చేయాలో నాలుగు ముక్కలు వేయండి. సెల్ఫ్ నొక్కొద్దు, బ్యాటరీ నెగెటివ్ పీకు, ఆయిల్ చూడు, సెల్ఫ్ మోటారు తీయించి ఆరబెట్టు, ఇంతే. అనుభవమున్న పాత మెకానిక్‌లు ప్రతి ఊళ్లో ఒకరో ఇద్దరో ఉన్నారు, మీ విలేకరులు వాళ్ల దగ్గర కూర్చుంటే నాకంటే బాగా చెబుతారు. కోవూరు పెద్దాయన్ను నేను అడిగాను, 'పేపరోళ్లు వస్తే చెప్తావా' అని. 'వస్తే టీ తాగి పొమ్మను, చెప్తా' అన్నాడు.

దసరా దాటకముందే వేస్తారని ఆశ.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా