రైల్స్ ట్యూబుతో ఇంటికి పంపేటప్పుడు ఆహారం కొలత కూడా రాసివ్వండి

సంపాదకులకు,

ఐసీయూలో వారాల తరబడి ఉండి, ముక్కు గుండా పొట్టలోకి ఆహారం పోసే రైల్స్ ట్యూబుతోనే ఇల్లు చేరే పక్షవాతం, తలగాయం పేషెంట్లు హైదరాబాద్‌లో తక్కువేమీ లేరు. వాళ్ల డిశ్చార్జి కాగితంలో మందులన్నీ మిల్లీగ్రాములతో సహా ఉంటాయి. ఆహారం దగ్గరికొచ్చేసరికి తరచూ 'ఆర్‌టీ ఫీడ్స్ (రైల్స్ ట్యూబుతో పోసే ఆహారం), రెండు గంటలకోసారి' అన్న ఒక్క ముక్కే. మిగతాది ఇంట్లోవాళ్ల ఊహకే.

ఆ ఊహకు మొదట తట్టేది రాగిజావ. లెక్క వేద్దాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 నాటి పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 320 కేలరీలు, 7 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. ట్యూబులో దిగేంత పలుచగా 250 మి.లీ.కి 20 గ్రాముల పిండితో కాచి ఆరుసార్లు పోస్తే రోజంతటికీ 385 కేలరీలు, 9 గ్రాముల ప్రొటీన్ కూడా రావు. కోలుకుంటున్న 60 కిలోల మనిషికి కావలసింది ఇంచుమించు 1500 కేలరీలు, 70 గ్రాముల పైన ప్రొటీన్. పొట్ట నిండుగానే కనిపిస్తుంది, తొడలు మాత్రం చిక్కిపోతుంటాయి, నడుము కింద పుండు మానదు. కొబ్బరినీళ్లు, బార్లీ నీళ్లు ఇంకా పలుచన. కిడ్నీలు దెబ్బతిన్నవారికైతే కొబ్బరినీళ్లలోని పొటాషియంతో ప్రమాదం కూడా.

అలాగని జావను తప్పుపట్టక్కర్లేదు. రాగులను మొలకకట్టించి, ఎండబెట్టి పట్టించిన పిండి వాడితే మొలకలోని ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టి జావను పలుచన చేస్తుంది, కాబట్టి అంతే నీళ్లలో ఎక్కువ పిండి ఇముడుతుంది. పూటకు 20 గ్రాముల వెన్నతీసిన పాలపొడి కలిపితే మరో 7 గ్రాముల ప్రొటీన్. పలుచటి గుడ్డలో వడగట్టడం మరవొద్దు. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి డైటీషియన్ చెప్పిన కొలతే వాడాలి. చాలా రోజులుగా సరిగా తినని మనిషికి ఒకేసారి పూర్తి మోతాదు పోస్తే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. మెల్లగా పెంచాలి.

పోసేముందు ముక్కు దగ్గర ట్యూబు మీది గుర్తు చూడాలి. ఆ గుర్తు ఉన్నచోటు నుంచి కదిలివుంటే పోయడం ఆపి ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ట్యూబు పొట్టలోనే ఉందా అని తెలుసుకోవడానికి దానిలోకి గాలి పంపి పొట్ట మీద స్టెతస్కోపుతో చప్పుడు వినే అలవాటు ఇంకా పోలేదు. దాన్ని నమ్మొద్దు, ఊపిరితిత్తిలోకి వెళ్లిన ట్యూబు నుంచి కూడా అలాంటి చప్పుడే వినిపించవచ్చు. కొత్తగా వేసిన ట్యూబుకు ఎక్స్‌రేతోనో, ట్యూబులోంచి బయటికి లాగిన రసం పీహెచ్ (ఆమ్లత్వం కొలత) 5.5 దాటలేదని చూసో నిర్ధారించుకోవాలి. మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, 50 మి.లీ. సిరంజీ పిస్టన్ తీసేసి గరాటులా పట్టుకుంటే 20-30 నిమిషాల్లో ఫీడ్ దానంతటదే దిగుతుంది. తోయకూడదు. తర్వాత కనీసం అరగంట తల దించొద్దు. పొలమారితే దగ్గు వస్తుందిలే అనుకుంటారు. ఈ పేషెంట్లలో కొందరికి ఆ దగ్గు కూడా రాదు, నేరుగా న్యుమోనియాయే.

ట్యూబు మూసుకుపోవడానికి మాత్రలు ఒక పెద్ద కారణం. అన్నీ కలిపి నూరి జావలో కలిపేస్తారు. ఒక్కో మాత్ర విడిగా మెత్తగా నూరి, నీళ్లలో కలిపి ఇవ్వాలి. ఫీడ్‌కు ముందూ తర్వాతా 30 మి.లీ. నీళ్లు పోయాలి. పైపూత ఉన్న గ్యాస్ మాత్రలు, నెమ్మదిగా కరిగే బీపీ మాత్రలు అసలు నూరకూడదు, వాటికి బదులు ఏదో డాక్టరే రాయాలి. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ ఫీడ్‌తో కలిస్తే ఒంటికి సరిగా పట్టదు. మూసుకుపోతే గోరువెచ్చని నీళ్లతో అదే పెద్ద సిరంజీని మెల్లగా లాగుతూ వదులుతూ ఉండాలి. చిన్న సిరంజీ ఒత్తిడికి ట్యూబు పగలొచ్చు. తీగ దూర్చడం మరీ ప్రమాదం.

ఐసీయూలో కూడా స్కాన్ కోసమో, ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం గొంతులో రంధ్రం చేయడం) కోసమో ఆపిన ఫీడ్ మళ్లీ మొదలవడానికి ఆలస్యమవుతుంటుంది. 'నిన్న ఎంత రాశారు, ఎంత వెళ్లింది?' అని విజిటింగ్ టైంలో బంధువులు అడగడం తప్పేమీ కాదు.

ఆసుపత్రులకు మా విన్నపం: డిశ్చార్జి కాగితంతోపాటు తెలుగులో ఒక పేజీ ఇవ్వండి. ట్యూబు సైజు, వేసిన తేదీ, ముక్కు దగ్గర ఎన్ని సెంటీమీటర్లు, పూటకు ఫీడ్ ఎంత, రోజుకు ప్రొటీన్ ఎంత, నూరకూడని మాత్రలేవి అన్నవి అందులో ఉండాలి. ట్యూబు నాలుగు నుంచి ఆరు వారాలు దాటేలా ఉంటే పొట్టలోకి నేరుగా వేసే పెగ్ ట్యూబు సంగతి ముందే చెప్పండి. ఇంట్లో చూసుకోబోయే మనిషి చేత నర్సు ఎదుట కనీసం రెండు ఫీడ్‌లు పోయించాకే పంపండి.

— కొందరు క్లినికల్ డైటీషియన్లు, ఐసీయూ నర్సులు, హైదరాబాద్