చెరువు గట్టు మీది జనరేటర్, స్తంభం మీది మనిషి

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో రొయ్యల చెరువుల లైన్ల మీద పనిచేసి గత ఏడాది పదవీ విరమణ చేసిన లైన్‌మన్‌ను నేను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మరునాడు తెగిన తీగ కలపడానికి వెళ్లాం. లైను ఆపేశామని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి, అంటే లైన్ క్లియర్ తీసుకున్నాం, స్తంభం మీద లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచి కళ్లారా చూసుకున్నాం. అయినా అలవాటు కొద్దీ, తీగలో కరెంటు ఉంటే భూమిలోకి పంపే డిశ్చార్జి రాడ్డు తగిలించగానే తీగ మీద నిప్పురవ్వలు లేచాయి. ఆ కరెంటు సబ్‌స్టేషన్ నుంచి రాలేదు. అర కిలోమీటరు అవతల, ఒక చెరువు గట్టు మీద నడుస్తున్న జనరేటర్ నుంచి వచ్చింది. రాడ్డు వేయకుండా ఎక్కి ఉంటే నా వెంట ఉన్న కుర్రాడు ఈ రోజు ఉండేవాడు కాదు.

ఆ చెరువుకు సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. జనరేటర్ తీగలను నేరుగా స్టార్టర్ బోర్డుకు బిగించారు, మెయిన్ ఆపడం మరిచారు. 11 వేల వోల్టులను 433కు దించే ట్రాన్స్‌ఫార్మరే, కింది నుంచి కరెంటు ఎక్కిస్తే 25 రెట్లు పెంచి లైను మీదకు పంపుతుంది. జనరేటర్ ఇచ్చే 415 వోల్టులు పైన లైను మీద 10 వేల వోల్టులు దాటుతాయి.

ఆ రైతును తిట్టడానికి నాకు నోరు రాలేదు. రాత్రి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే నీటిలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్య చచ్చిపోతుంది. వానలో, చీకట్లో, అప్పు తెచ్చి వేసిన పంట కళ్లెదుట పోతుంటే ఏ మనిషికీ అన్నీ గుర్తుండవు. ఛేంజోవర్ స్విచ్ ఉంటే గుర్తుంచుకోవలసిన అవసరమే లేదు. పిడి లైను వైపైనా ఉంటుంది, జనరేటర్ వైపైనా ఉంటుంది, రెండూ ఒకేసారి కలవవు. ఆటోమేటిక్ ప్యానెల్ కొనేవారు కాంటాక్టర్ల (కరెంటుతో కలిసి విడిపోయే స్విచ్‌ల) మధ్య మెకానికల్ ఇంటర్‌లాక్, అంటే రెండూ ఒకేసారి కలవకుండా ఆపే అడ్డు, ఉందో లేదో తప్పక చూడాలి.

ధర తక్కువని త్రీ ఫేజుకు మూడు పోల్స్ స్విచ్ కొంటున్నారు. అది ఫేజులను మాత్రమే మారుస్తుంది, న్యూట్రల్ లైనుతో కలిసే ఉంటుంది. నా మాట వింటే నాలుగు పోల్స్‌దే తీసుకోండి. ఇంట్లో సింగిల్ ఫేజుకు రెండు పోల్స్ చాలు. అయితే ఇక్కడే మేస్త్రీలు మరో పొరపాటు చేస్తున్నారు. న్యూట్రల్‌ను లైను నుంచి విడదీశాక జనరేటర్ న్యూట్రల్‌కు భూమితో సంబంధం పోతుంది. దాన్ని జనరేటర్ దగ్గరే ఎర్తు చేయాలి. చేయకపోతే మోటారు బాడీకి ఫేజు తగిలినా కరెంటు తిరిగి వెళ్లే దారి ఉండదు, కరెంటు భూమిలోకి లీకైతే సరఫరా ఆపే ఈఎల్‌సీబీ పడదు. లోపం అలాగే దాగి ఉంటుంది. ఆ తరువాత మరో ఫేజు ఇంకోచోట నేలను తాకిందంటే, తడి గట్టు మీద మోటారును ముట్టుకున్న కూలీ ప్రాణం పోతుంది. న్యూట్రల్‌ను రెండు వేర్వేరు కనెక్షన్లతో, జనరేటర్ బాడీని మరో రెండింటితో భూమికి కలపాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలే చెబుతున్నాయి.

గునపం పాతి దానికి తీగ చుట్టి ఎర్తింగ్ అనుకున్నవారిని చూశాను. ఎర్తు నిరోధం 10 ఓమ్‌లు ఉంటే 230 వోల్టులకు పారేది 23 ఆంపియర్లే. 63 ఆంపియర్ల ఫ్యూజు దానికి కాలదు. అందుకే మనుషులు ముట్టుకునే మోటార్లకు 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ ఉండాలి. మా తీరపు ఉప్పు నేలలో ఎర్తింగ్‌కు పాతే జీఐ (జింకు పూత ఇనుప) పైపును తుప్పు త్వరగా తినేస్తుంది. ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతాల రాతి నేలల్లోనైతే వేసవిలో ఎర్తింగ్ గుంత ఎండి ఎర్తింగ్ పనిచేయడం మానేస్తుంది.

చెరువుకు సర్వీసు ఇచ్చేటప్పుడు అధికారులు మీటరుతో పాటు ఛేంజోవర్ స్విచ్‌ను, జనరేటర్ ఎర్తింగ్‌ను కూడా చూడాలని కోరుతున్నాను. ఏటా అక్టోబరు తుపాన్లకు ముందు ఒకసారి గట్ల వెంట తిరిగితే ఇంకా మంచిది. మా మండలంలో ఏ రైతు పిలిచినా డబ్బు తీసుకోకుండా నేనే వచ్చి చూసి చెబుతాను.

— విశ్రాంత లైన్‌మన్, విడవలూరు